వలల కోటు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్య పుట్టాలంటే ముందు మూలం ఉండాలి. మండే ఎండలో మోటారు సైకిలెక్కి కొలువుకో కాలేజీకో పోయే మనిషి ఒంటిమీద ఏమేమి తొడుక్కోవాలన్న సంగతిపై ప్రాచీనులు ఏ మూలమూ రాసిపెట్టలేదు గనుక, టీక కోసమే ఒక ఆటవెలదిని కల్పించుకోవలసి వచ్చింది. కల్పించిన పద్యం కావడం వల్ల తాళపత్రాలు తిరగేసి పాఠాంతరాలు వెదికే శ్రమ వ్యాఖ్యాతకు తప్పింది. కవిని తప్పుపట్టే హక్కు మాత్రం మిగిలింది, దాన్ని ఆయన కింద మొహమాటం లేకుండా వాడుకున్నాడు.

పద్యానికి దేశం ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మెట్ట. కదిరి వైపు నుంచి వచ్చే 42వ జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. ఈ ఊళ్ళు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి కాబట్టి తిరుపతి ఎండ ఇక్కడ ఉండదన్న మాట నిజమే. అలాగని వైశాఖంలో మధ్యాహ్నం రెండు గంటలకు తారురోడ్డు మీద బండి ఆపి నిలబడ్డవాడికి ఆ తేడా పెద్ద ఊరట కాదన్నదీ నిజమే.

మూలము

ఆ. ఎండ మండు వేళ నినుపగుఱ్ఱము నెక్కు
వాడు గట్టి టోపి వలల కోటు
చేతిజోళ్ళు దొడిగి చీలమండల గప్పి
ఇల్లు జేరవలయు నెముక చెడక.

టీక

ఎండ మండు వేళన్ = సూర్యతాపం తీవ్రంగా ఉండే కాలంలో, అంటే శివరాత్రి మొదలు మృగశిర దాకా పగటిపూట; ఇనుపగుఱ్ఱమున్ = మోటారు సైకిలును, స్కూటీ, మోపెడ్‌లు కూడా ఇందులో చేరినవే; ఎక్కువాడు = అధిరోహించే నరుడు; గట్టి టోపి = హెల్మెట్టును; వలల కోటు = జాలీగుడ్డతో కుట్టిన రైడింగ్ జాకెట్టును, ఇక్కడ జాకెట్టంటే రవిక కాదని గ్రహించవలెను; చేతిజోళ్ళు = గ్లౌజులను; తొడిగి = ధరించి; చీలమండలన్ = పాదమూ పిక్కా కలిసే కీళ్ళను; కప్పి = ఎత్తైన బూట్లతో మూసి; ఎముక చెడక = అస్థిభంగం లేకుండా; ఇల్లు చేరవలయున్ = గృహప్రవేశం చేయవలెను.

తాత్పర్యము

ఎండకాలంలో బండి నడిపేవాడు తలకు హెల్మెట్టు, ఒంటికి గాలి ఆడే జాకెట్టు, చేతులకు గ్లౌజులు, కాళ్ళకు చీలమండ దాటిన బూట్లు వేసుకుని, ఎముకలు సరిగ్గా ఉండగా ఇంటికి రావాలని భావం. భావం ఇంత సులువుగా ఉన్నా, ఆచరించేవాడు ఈ ఊళ్ళలో అరుదు గనుక విస్తరించి చెప్పవలసి వస్తున్నది.

విశేషములు

"ఇనుపగుఱ్ఱము". పాతకాలంలో ఈ మాట రైలుబండికి చెల్లింది. ప్రస్తుత సందర్భంలో మోటారు సైకిలనే అర్థమే పొసగుతుంది. అయితే కుప్పంలో ఇంటి నుంచి స్టేషను దాకా బండిమీద వచ్చి, దాన్ని స్టాండులో పెట్టి, బెంగళూరు వైపు పోయే రైలెక్కే ఉద్యోగి విషయంలో రెండర్థాలూ ఒకే ఉదయం సిద్ధిస్తాయి. ఒక పదం రెండర్థాలిచ్చి రెండూ అన్వయించడాన్ని శ్లేష అంటారు. ఈ శ్లేషలో ఒక ఆచరణ సమస్య దాగి ఉంది: రైలెక్కాక హెల్మెట్టు, జాకెట్టు, బూట్లు ఎక్కడ పెట్టాలి? కవచాన్ని ఎంచుకునేటప్పుడు దెబ్బకు ఎంత నిలుస్తుందని అడిగినట్టే, దిగాక ఎంతలో మడతపడుతుందనీ అడగాలి. హెల్మెట్టును బండి లాకుకు తగిలించవచ్చు. మడిస్తే సంచిలో పట్టని జాకెట్టు మూడోరోజు నుంచి ఇంట్లో కొక్కేనికి వేలాడుతుంది. వేలాడే జాకెట్టుకు ఎంత మేలైన గుడ్డ వాడినా ఫలం శూన్యం. ఎక్కువ రక్షణ ఇచ్చేది కాదు, రోజూ ఒంటిమీదికి వచ్చేదే మేలైన కవచమన్నది ఈ వ్యాఖ్య అంతటా సాగే సిద్ధాంతం.

"గట్టి టోపి". గట్టిదనం ఒక్కటే చాలదు. తలను కాపాడేది పైకి కనిపించే చిప్ప కాదు, దాని లోపల రెండు వేళ్ళ మందాన ఉండే తెల్లటి థర్మకోల్ పొర. చిప్ప దెబ్బను వెడల్పుగా పరుస్తుంది; పొర తాను నలిగిపోయి, తల ఆగడానికి మరికొన్ని మిల్లీసెకన్ల వ్యవధినిస్తుంది. ఒకసారి నలిగిన పొర తిరిగి లేవదు కాబట్టి, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి నిగనిగలాడుతున్నా మార్చవలసిందే. గనుల్లో, కట్టడాల దగ్గర తలపై పెట్టుకునే పసుపుపచ్చ ప్లాస్టిక్ టోపీ మరో ప్రమాణానికి, ఐఎస్ 2925కు చెందినది; పైనుంచి పడే రాయికి అది సరిపోతుంది, రోడ్డుకు పక్కగా తగిలే తలకు సరిపోదు. ద్విచక్ర వాహనదారుల హెల్మెట్టు ప్రమాణం ఐఎస్ 4151. ఆ అంకె, ఐఎస్‌ఐ గుర్తు లేని సరుకును తయారుచేయడం, అమ్మడం 2021 జూన్ 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. అయినా నిషిద్ధ వస్తువు రహదారి పక్కన తాటాకు పందిరి కింద తాడుకు గుత్తులుగా వేలాడుతూ నేటికీ కనిపిస్తుంది. గుర్తు ఉన్నంత మాత్రాన నమ్మకూడదు, అంటించిన చీటీని గోటితో గీకి చూడాలని లోకానుభవం.

హెల్మెట్టు ఆవశ్యకతపై పరిశోధన ఒక మరణంతో మొదలైంది. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మే 13న ఇంగ్లండులో తన మోటారు సైకిలు మీద నుంచి పడి, ఆరు రోజులకు తలగాయంతో మరణించాడు. ఆయనను చూసిన వైద్యుల్లో ఒకడైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత సైనిక వార్తాహరుల తలగాయాలను లెక్కకట్టి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెల్మెట్టు ఆవశ్యకతను నిరూపించాడు. ఎనభై ఏళ్ళు దాటిన తర్వాత, 2022లో, భారతదేశంలో హెల్మెట్టు లేక చనిపోయినవారిగా కేంద్ర రవాణా శాఖ నమోదు చేసిన సంఖ్య 50,029. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు.

ఇక ధర్మశాస్త్రం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ హెల్మెట్టును నిర్వచిస్తూ రెండు లక్షణాలు చెబుతుంది: ఒకటి, ఆకారంలోనూ పదార్థంలోనూ అది ప్రమాదంలో రక్షణ ఇవ్వగలదై ఉండాలి; రెండు, దానికే ఉన్న పట్టీతో తలకు భద్రంగా బిగించినదై ఉండాలి. అంటే పట్టీ పెట్టనిది చట్టం దృష్టిలో హెల్మెట్టే కాదు, నెత్తిన మోస్తున్న సామాను. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్ళు మాత్రమే దూరాలి. వెనక అంచు పట్టి ముందుకు తోస్తే హెల్మెట్టు నుదుటి మీదుగా జారి చేతికి రాకూడదు. ఈ పరీక్షకు పది సెకన్లు చాలు, అంగడిలో దాన్ని చేసేవారు తక్కువ. పోలీసు కనిపించే మలుపు వరకూ హెల్మెట్టును మోచేతికి తగిలించుకుని పోయే ఆచారాన్ని గురించి కూడా ఒక మాట చెప్పాలి. కవి మోచేతిని పద్యంలో ప్రస్తావించనే లేదు. ఆ లోటును మదనపల్లె కుర్రకారు ఈ విధంగా పూరించారని సరిపెట్టుకోవడం తప్ప వేరు సమర్థన కనబడదు. 194డి సెక్షన్ ప్రకారం ఈ పూరణకు వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల లైసెన్సు రద్దు.

ఎండకాలానికి గడ్డం కూడా మూసే నిండు హెల్మెట్టు మంచిదా, ముఖం తెరిచి ఉంచే సగం హెల్మెట్టు మంచిదా అన్నది తరచుగా వచ్చే శంక. సగందానికి గాలి ఎక్కువన్నది కాదనలేనిది. కానీ పడ్డప్పుడు దెబ్బలు పెద్ద పాలు దవడకూ గడ్డానికీ తగులుతాయి గనుక, గడ్డం దగ్గరా నుదుటి పైనా గాలి రంధ్రాలున్న లేతరంగు నిండు హెల్మెట్టునే తీసుకుని, లోపలి మెత్త విప్పి వారానికొకసారి ఉతుక్కోవడం మధ్యేమార్గం. తలకు పల్చటి నూలుగుడ్డ చుట్టి పైన హెల్మెట్టు పెట్టుకునే మన అలవాటు నిజానికి శాస్త్రసమ్మతమే. మందపాటి టర్కీ టవలు చుడితే మాత్రం హెల్మెట్టు వదులై, బిగించిన పట్టీ కూడా వ్యర్థమవుతుంది.

"వలల కోటు". పద్యానికి ప్రాణం ఈ పదబంధం. తగాదా కూడా ఇక్కడే. పూర్వపక్షం, అంటే సిద్ధాంతానికి ముందు ఎదుటివాడి వాదాన్ని బలంగా చెప్పడం, ఇలా ఉంటుంది: "ఈ ఎండలో కోటెవురు తగిలించుకుంటారప్పా, ఉడికి చస్తాం." ఈ వాదం తేలిగ్గా తోసివేయదగ్గది కాదు. మనిషి ఒంటికి చల్లదనం ప్రధానంగా చెమట ఆరడం వల్ల కలుగుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీల వేడి ఒంటి నుంచి తరలిపోతుంది. చెమట ఆరాలంటే గాలి తగలాలి, గాలి తగలాలంటే గుడ్డకు కన్నాలుండాలి. అందుకే కవి తోలుకోటు అనకుండా వలల కోటన్నాడు. తోలుకు పేరుబడ్డ వాణియంబాడి, ఆంబూరు కుప్పానికి ఎంతో దూరం లేవు, రాపిడికి తోలును మించినది తక్కువే. అయినా చైత్ర వైశాఖాల్లో రోజూ తోలు తొడిగి కొలువుకు పొమ్మనడం ఉపదేశం కాదు, శిక్ష.

అయితే ఉత్తరపక్షం ఇదిగో. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపు ఒంటికి ఎంత గాలి తగిలితే అంత హాయి. గాలి 38, 40 డిగ్రీలకు చేరినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది: వేగంగా వచ్చే వేడిగాలి చెమటను ఆర్పుతూనే తన వేడిని చర్మానికి ఎక్కిస్తుంది, పైగా సూర్యకిరణాలు నేరుగా చేతుల మీద పడతాయి. అప్పుడు పొట్టిచేతుల చొక్కావాడు తాను చల్లగా ఉన్నాననుకుంటూనే నీరసపడతాడు. ఆ వేళకు కోటు లోపల తడిపి పిండిన నూలు బనియను వేసుకుంటే, పల్చటి జాలీ గుండా కొద్దికొద్దిగా చొరబడే గాలికి ఆ తడి ఆరుతూ, మట్టికుండలో నీళ్ళు చల్లబడ్డట్టు ఒళ్ళు చల్లబడుతుంది. ఈ ఉపాయం చెన్నై ఉక్కలో అంతగా పారదు, గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు కాబట్టి. మదనపల్లె గాలి అటువంటిది కాదు. గడచిన శతాబ్దం తొలి దశకాల్లో క్షయరోగుల ఆసుపత్రికి ఆరోగ్యవరాన్ని ఎంచుకున్నది ఇక్కడి పొడిగాలిని చూసే. రొమ్ము జబ్బుకు పనికొస్తుందని నాడు తలచిన గాలి నేడు తడి బనియనుకు పనికొస్తున్నది.

జాలీకి ఎంత బలం అన్నది తర్వాతి ప్రశ్న. గుడ్డ దారపు మందాన్ని డెనియర్లలో చెబుతారు: 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. ఈ కొలత మోటారు సైకిలువాళ్ళది కాదు, పట్టుదారం వర్తకులది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం ముందు కూర్చున్న నేతగానికి 20–22 డెనియర్ల పట్టంటే వివరించి చెప్పనక్కరలేదు. అతని చేతికి 600 డెనియర్ల పాలిస్టరు దారం ఇస్తే అది దారమా తాడా అని అడగవచ్చు. రైడింగ్ జాకెట్టు మోచేతుల మీద, భుజాల మీద వాడే నేత సాధారణంగా ఈ మందంలోదే. మామూలు జీన్స్ గుడ్డ వేగంగా జరిగే గరుకు తారు మీద సెకనుసేపు నిలవడమే గగనం. పల్చటి పాలిస్టరు టీషర్టు ఇంకా చెడ్డది: పాలిస్టరు 250 డిగ్రీలు దాటితే కరుగుతుంది, రాపిడి వేడికి కరిగి గాయానికే అతుక్కుంటుంది. 1965లో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు కనిపెట్టిన దారం, కెవ్లార్, కరగదు. రైడింగ్ జీన్స్ లోపల మోకాళ్ళ దగ్గర పసుపుగా కనిపించే అస్తరు ఆ జాతిదే.

ఐరోపావారు ఈ దుస్తులకు ఈఎన్ 17092 అని ఒక ప్రమాణం ఏర్పరచి, రాపిడికి నిలిచే శక్తిని బట్టి త్రిపుల్ ఎ, డబుల్ ఎ, సింగిల్ ఎ అని తరగతులు పెట్టారు. మన అంగళ్ళలో దొరికే జాలీ జాకెట్లలో తరగతి చీటీ ఉన్నవి ఎక్కువగా సింగిల్ ఎ. దీన్ని చూసి చిన్నబుచ్చుకోనక్కరలేదు: ఆ తరగతిలో మోచేయి, భుజం వంటి ప్రమాదస్థానాలను గంటకు 45 కిలోమీటర్ల వేగానికి సమానమైన రాపిడిలో పరీక్షిస్తారు. హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను ఘటనాస్థలానికి వెళ్ళి పరిశీలించి 1981లో ప్రకటించిన నివేదికలో, ప్రమాదానికి ముందు వేగాల నడిమి అంకె గంటకు సుమారు 48 కిలోమీటర్లు. అంగళ్ళులోని ఇంజనీరింగు కాలేజీకి మదనపల్లె నుంచి పోయే బండి వేగం ఈ రెండు అంకెల చుట్టుపక్కలే తిరుగుతుంది. రాత్రివేళ బెంగళూరు రోడ్డు మీద నూరు దాటేవాడికి ఈ తరగతి చాలదు, ఈ వ్యాఖ్య కూడా చాలదు.

అంగడిలో పరీక్ష ఒకటుంది, దానికి ప్రమాణాల పుస్తకం అవసరం లేదు. జాకెట్టును వీధి గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండకెదురుగా రెండు చేతులతో చాచి పట్టాలి. రొమ్ము భాగంలో, చంకల కింద, ముంజేతి లోపలి వైపు వెలుగు చుక్కలు చుక్కలుగా దిగితే మేలు. మోచేతి మీద, భుజం మీద కూడా అదే వెలుగు కనిపిస్తే దాన్ని మడిచి తిరిగి ఇచ్చేయాలి. అక్కడ గుడ్డ దట్టంగా, కుట్టు రెండు మూడు వరుసలుగా ఉండాలి. "అన్నా, ఫుల్ మెష్షన్నా, గాలి బాగొస్తాది" అని అంగడి కుర్రవాడు పొగిడే గుణం మోచేతి దగ్గర దోషమవుతుంది.

లోపలి కవచం సంగతి వేరు. గుడ్డ రాపిడికే, దెబ్బకు దాని లోపల జేబులో పెట్టే దిమ్మలు, వాటినే ఆర్మర్ అంటారు. చేతులకూ కాళ్ళకూ వాడే దిమ్మల ప్రమాణం ఈఎన్ 1621–1. అయిదు కిలోల బరువును మీటరు ఎత్తు నుంచి దిమ్మ మీద వదిలితే, కింద ఎముక స్థానానికి చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకపోతే మొదటి స్థాయి, 20 మించకపోతే రెండో స్థాయి. కిలోన్యూటనంటే ఇంచుమించు నూరు కిలోల బరువు మోపే ఒత్తిడి. చౌక జాకెట్ల వీపులో ఉండే మెత్తటి స్పాంజికి ఏ స్థాయీ లేదు, అది ఖాళీగా కనిపించకుండా పెట్టినది. ఎంత మంచి దిమ్మ అయినా చోటు తప్పితే నిష్ఫలం: నిలబడి అద్దంలో చూసుకున్నప్పుడు మోచేతి మీదే ఉన్న దిమ్మ, బండెక్కి హ్యాండిలు పట్టుకోగానే ముంజేతి మీదికి జారుతుంది. అందుకే కొనేవాడు అంగడి ముందు ఆపిన తన బండి మీద కూర్చుని చేతులు చాచి చూసుకోవాలి. అంగడివాడు నవ్వితే నవ్వనీయాలి.

కోటు రంగు గురించి కవి ఏమీ చెప్పలేదు. న్యూజీలాండులోని ఆక్లండులో జరిగి 2004లో వెలువడిన పరిశీలనలో, మెరిసే లేదా వెలుగును తిప్పికొట్టే దుస్తులు వేసుకున్నవారికి ప్రమాదం 37 శాతం తక్కువనీ, నల్ల హెల్మెట్టుతో పోలిస్తే తెల్లదానికి 24 శాతం తక్కువనీ తేలింది. నలుపు ఎండను ఎక్కువగా పీలుస్తుందని వేరే చెప్పాలా? ఈ రెండు కారణాలూ ఒకే వైపు మొగ్గినా, జాకెట్లలో అమ్ముడుపోయేది నలుపే. కుర్రకారు సౌందర్యదృష్టిని ఖండించడం వ్యాఖ్యాతల వల్ల ఏనాడూ కాలేదు.

దగ్గరి దూరాలకు ఇదంతా ఎందుకన్నది మరో పూర్వపక్షం. మదనపల్లె టమాటా మార్కెట్టుకు పోయి రావడానికి కవచధారణమా అని అడుగుతారు. హర్ట్ నివేదిక చెప్పిందేమంటే, ప్రమాదాలు ఎక్కువగా సామాను తేవడం, స్నేహితులను చూడటం వంటి చిన్న పనుల్లో, బయల్దేరిన చోటికి దగ్గర్లోనే, కొద్ది నిమిషాల్లోపే జరుగుతున్నాయని. ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరున్న ఆ మార్కెట్టు చుట్టూ లారీల చక్రాల కింద నలిగిన టమాటాల గుజ్జు, పుంగనూరు దారిలో రోడ్డు మీదే ఆరబోసిన రాగి, ఉలవ చెత్త, హ్యాండిలు ఎత్తుకు కూడా రాని పుంగనూరు ఆవు ఉన్నట్టుండి అడ్డు రావడం: వీటికి వేగంతో పని లేదు. పలమనేరు, కుప్పం నడుమ కౌండిన్య అడవి నుంచి ఏనుగులు రోడ్డు దాటుతాయి. వాటికి నిలిచే కవచానికి ఏ దేశపు ప్రమాణ సంస్థా ఇంతవరకు ముద్ర వేయలేదు, ఆగి దారివ్వడమే ఉపాయం.

"చేతిజోళ్ళు". పడేవాడు ముందు చేతులు చాస్తాడు; ఇది బుద్ధి చేసే పని కాదు, ఒంటికి పుట్టుకతో వచ్చినది. అరచేయి రోడ్డును పట్టుకుంటుంది, ఒళ్ళు ముందుకు పోతుంది, నడుమ మణికట్టు నలుగుతుంది. బొటనవేలి మొదట్లో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. రక్తప్రసారం తక్కువ కావడం వల్ల అది విరిగితే అతుక్కోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి అతుక్కోదు. గ్లౌజు అరచేతి అడుగున నున్నటి గట్టి ప్లాస్టిక్ బిళ్ళ ఉంటే చేయి రోడ్డును పట్టకుండా జారుతుంది, మణికట్టు మీద భారం తగ్గుతుంది. కొనేటప్పుడు చూడవలసింది ఆ బిళ్ళను, మణికట్టు చుట్టూ బిగిసే పట్టీని. పిడికిలి మీద మెరిసే కార్బన్ తొడుగును కాదు. ఎండకు చేతులు నల్లబడతాయని ఆడపిల్లలు వేసుకునే పల్చటి నూలు గ్లౌజు ఎండకు పనికొస్తుంది, రోడ్డుకు కాదు. జేబు తేలికైనవాడికి హెల్మెట్టు తర్వాత డబ్బు పెట్టవలసిన చోటు ఇదే, కోటు కూడా దీని తర్వాతే అని వ్యాఖ్యాత మతం. పద్యంలో కోటు ముందు రావడానికి కారణం యతి మాత్రమే.

"చీలమండల గప్పి". రబ్బరు చెప్పులతో గేరు వేసే దేశంలో ఈ పదం చదివేవాడికి నవ్వు రావచ్చు. పడ్డ బండి కిందికి ముందుగా పోయేది పాదం. ఫుట్‌రెస్టుకూ రోడ్డుకూ నడుమ చిక్కుకుని మెలి తిరిగేది చీలమండ. దానికి రెండు వైపులా గట్టి బిళ్ళలున్న బూటు ఉత్తమం. అది లేకుంటే చీలమండ దాటి లేసులు బిగిసే తోలుబూటు మధ్యమం. కుప్పం చుట్టుపక్కల గ్రానైటు పనిలో తొడిగే ఇనుపమూతి బూట్లు వేళ్ళను కాపాడతాయి, చీలమండను కాపాడవు. పైగా వాటి మొద్దు మూతి గేరు కింద దూరదు. సైలెన్సరుకు పిక్క కాలి ఏర్పడే గుండ్రటి మచ్చ ఈ సీమలో వెనక కూర్చున్నవారిని గుర్తుపట్టే ముద్రగా మారింది. మందపాటి ప్యాంటు అంచు బూటు మీదికి దిగితే ఆ ముద్ర పడదు.

ఇక కవి మరిచినవి. మోకాలు, మోచేయి, వీపు, తుంటి ఒక్కటీ పద్యంలో లేదు. మూలంలో లేని పదాన్ని అర్థం కుదరడానికి బయటి నుంచి తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. మోచేతిని, వీపును కోటులో కలుపుకోవచ్చు. మోకాలికి ఆ దారి లేదు. రైడింగ్ ప్యాంటు వేసుకుని బ్యాంకు కౌంటరులో కూర్చోలేని ఉద్యోగికి, మామూలు ప్యాంటు పైన కట్టుకుని దిగగానే విప్పుకునే మోకాలి చిప్పలు ఉన్నాయి. వేడికి అవి కోటంత బాధపెట్టవు, కాళ్ళ మీదికి ఇంజను సెగ ఎలాగూ వస్తుంది కాబట్టి తేడా తెలియదు.

"ఎక్కువాడు". పుంలింగ ఏకవచనం. దీన్ని ఉపలక్షణంగా, అంటే ఒకటి చెప్పి దాని జాతివాటినన్నిటినీ తలపింపజేయడంగా గ్రహించాలి. 129వ సెక్షన్ నడిపేవారితో పాటు మోసుకుపోబడేవారికీ, నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్టు తప్పదంటుంది. వెనక ఒక పక్కకు కూర్చున్న ఆమె చీర కొంగు, స్కూటీ నడిపే అమ్మాయి చున్నీ చక్రంలో పడితే మెడకు ఉరి బిగుస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నిబంధన వెనక కూర్చునేవారికి చేతిపట్టు, కాలిపట్టుతో పాటు, వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలని కోరుతుంది. మన మెకానిక్కులు శారీగార్డు అనేది దీన్నే. బండి సన్నగా కనబడాలని దాన్ని విప్పించి అటక మీద పడేసేవారు ఆ నియమానికే కాదు, ఇంటి ఇల్లాలికీ అపరాధులే. చున్నీని నడుముకు ముడివేసి జాకెట్టు లోపలికి తోయడం, కొంగును బొడ్డులో దోపడం ఖర్చులేని కవచాలు.

నాలుగేళ్ళ లోపు బిడ్డల సంగతి 2022 ఫిబ్రవరిలో ప్రకటించి, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనలో ఉంది. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్టు ఉండాలి. బిడ్డను నడిపేవాడి ఒంటికి కలిపి కట్టే భద్రతా పట్టీ ఉండాలి. బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ట్యాంకు మీద బిడ్డను నిలబెట్టి, హ్యాండిలు పట్టుకోనిచ్చి, దాన్నే ముద్దుగా చూసుకునే వాడుకకు ఇందులో ఎక్కడా చోటు లేదు. నడిపేవాడు కాక ఒక్కరికి మించి ఎక్కరాదని 128వ సెక్షన్ చెబుతుంది గనుక భార్యాభర్తల నడుమ బిడ్డను ఇరికించడానికీ శాస్త్రాధారం కనబడదు. పుంగనూరు నుంచి మదనపల్లె సుమారు 30 కిలోమీటర్లు. నలభై దాటకుండా పోతే ముప్పావు గంట. కాబట్టి వైశాఖమాసంలో బిడ్డను అవ్వగారింటికి తీసుకుపోయే తండ్రి ఎండెక్కకముందే, ఏడు గంటలకల్లా బయల్దేరవలెను. తల్లి ఆర్టీసీ బస్సులో రావలెను.